ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్డు విరిగితే: అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో నా షెడ్డుకి రెండు రకాల బళ్ళు వస్తాయి. సాలూరు ఘాట్ ఎక్కి ఒడిశా వెళ్ళొచ్చే లోడు లారీలు, చింతపల్లి, కోనాడ ఒడ్డు నుంచి చేపలు మోసే వ్యాన్లు. లారీలకి వేడి దెబ్బ, వ్యాన్లకి ఉప్పుగాలి దెబ్బ. రెండింటిలోనూ విరిగేది మానిఫోల్డ్ స్టడ్డే. ఇంజిన్ పొగని బయటికి పంపే ఇనుప గొట్టం మానిఫోల్డ్, దాన్ని ఇంజిన్ పైభాగానికి, అంటే హెడ్డుకి, పట్టి ఉంచే మర కడ్డీ స్టడ్డు. అది విరిగితే సందులోంచి పొగ లీకవుతుంది.

అపోహ: పొద్దున్న టిక్ టిక్ మంటుంది, వేడెక్కితే పోతుంది. కంగారు లేదు.

వాస్తవం: ఇనుము వేడికి సాగి సందు మూసుకుంది, అంతే. లీకు అలాగే ఉంది. దీన్ని ట్యాపెట్ (వాల్వుని కదిపే భాగం) శబ్దమనుకుని వాల్వ్ సెట్టింగ్ చేయించుకున్నవాళ్ళున్నారు. ముందు మానిఫోల్డ్, హెడ్డు కలిసే చోట మసి చార ఉందేమో చూడండి. టర్బో బండి అయితే ఘాట్‌లో పికప్ తగ్గుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి అద్దాలు మూసుకుని పడుకునే డ్రైవర్లు ఈ లీకుని అస్సలు వదిలేయకూడదు.

అపోహ: "ఏటి మేస్త్రీ, ఇంకో చుట్టు బిగించేస్తే ఆగిపోద్ది కదా!"

వాస్తవం: ఆగదు. మానిఫోల్డ్ వేడికి పొడవునా సాగి, చల్లారాక ముడుచుకుంటుంది. ఆ లాగుడు రెండు చివర్ల స్టడ్ల మీద ఎక్కువ, అందుకే సాధారణంగా ముందు విరిగేవి అవే. బలవంతంగా బిగిస్తే మిగిలినవీ విరుగుతాయి. మానిఫోల్డ్ వంగిందేమో స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని పట్టీ), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి చూసి, సందుంటే లేత్ షాపులో ఫేసింగ్ చేయించి ముఖం చదును చేయించాలి.

అపోహ: విరిగిన ముక్కకి డ్రిల్ కొట్టి, ఈజీ అవుట్ (కన్నంలో దించి ముక్కని పట్టి వెనక్కి తిప్పే పనిముట్టు) దించితే ముక్క వచ్చేస్తుంది.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. నిండు స్టడ్డే తిరగక విరిగిందంటే, దాని కన్నంలో దూరే సన్నటి ఈజీ అవుట్ ఎంత ఓర్చుకుంటుంది? పైగా అది గట్టి ఉక్కు, పెళుసు. లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్టు దాన్ని కొయ్యలేదు. డ్రిల్లింగ్‌లోనూ ప్రమాదముంది. 1.25 మి.మీ. పిచ్ (మర గాట్ల మధ్య దూరం) ఉన్న 8 మి.మీ. స్టడ్డుకి ట్యాపు కన్నం (మర కొయ్యడానికి ముందు వేసే కన్నం) 6.8 మి.మీ. బిట్టు అర మిల్లీమీటరు పక్కకి జరిగినా హెడ్డు మర తినేస్తుంది.

నేను ముందు చేసేది నట్టు వెల్డింగ్. బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తాను. విరిగిన మొండి మీద వాషరు, దానిపైన కొంచెం పెద్ద నట్టు ఉంచి, మధ్య కన్నంలోంచి మొండికి అతికేలా వెల్డింగ్ నింపుతాను. పట్టు కోసమే కాదు, ఆ వేడి కోసం కూడా. మొండి సాగి ముడుచుకునేటప్పుడు మరల్లో తుప్పు పట్టు వదులుతుంది. ఎరుపు తగ్గాక మర మొదట్లో కొవ్వొత్తి మైనం తాకిస్తే కరిగి లోపలికి దిగుతుంది. అప్పుడు పానాతో ఒక వెంట్రుకవాసి బిగించి, ఒక వెంట్రుకవాసి వదిలి, ముందుకీ వెనక్కీ ఆడించాలి. 'కిచ్' మన్న చిన్న శబ్దం వస్తే కదిలినట్టే. నట్టు ఊడొచ్చేస్తే మళ్ళీ వెల్డ్ చేయండి, మూడోసారికి వచ్చినవి చాలా ఉన్నాయి. అల్యూమినియం హెడ్డు మీద మాత్రం గ్యాస్ మంట పెట్టకండి. అది 660 డిగ్రీల లోపే కరుగుతుంది, కరిగేముందు ఇనుములా ఎర్రబడదు.

అపోహ: కిరసనాయిలు పోసి వెంటనే విప్పొచ్చు.

వాస్తవం: రాత్రంతా నాననివ్వాలి. తుప్పు వదిలించే ఆయిల్ అయితే ఇంకా మంచిది.

అపోహ: హార్డ్‌వేర్ షాపులో దొరికే బోల్టు చాలు.

వాస్తవం: మామూలు బోల్టు ఆ వేడికి మెత్తబడి పట్టు వదిలేస్తుంది. ఆ బండికి చెప్పిన స్టడ్డే వేయండి, కొత్త ప్యాకింగ్‌తో. మరలకి యాంటీ సీజ్ పేస్టు (మర పట్టేయకుండా చేసేది) పలచగా రాస్తే ఈసారి విప్పేవాడికి విరగదు. పేస్టు రాసిన మరకి పొడి మర టార్క్ (బిగించే తిప్పుడు బలం) పెడితే బిగింపు ఎక్కువవుతుంది, మాన్యువల్లో ఏది చెప్పాడో చూసుకోండి. నట్లు మధ్య నుంచి చివర్లకి, రెండు మూడు విడతల్లో బిగించండి.