కూతుళ్ల ఆస్తిలో బాబాయికి వాటా ఎక్కడిది?

2023 మార్చి 8న కేరళలోని కాసరగోడ్ జిల్లాలో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు సి. షుక్కూర్, పేరొందిన న్యాయవాది, సినిమాల్లోనూ నటించారు. పెళ్లికూతురు ఆయన భార్య షీనాయే. ఇద్దరికీ 1994లోనే నిఖా అయింది. ముగ్గురు కూతుళ్లు పక్కన ఉండగా ఇప్పుడు మళ్లీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రత్యేక వివాహ చట్టం కింద సంతకాలు పెట్టారు. కారణం ఆస్తి. కొడుకుల్లేని సున్నీ ముస్లిం చనిపోతే కూతుళ్లందరికీ కలిపి మూడింట రెండు వంతులే వస్తాయి. భార్య వాటా పోగా మిగిలింది తండ్రి అన్నదమ్ములకు వెళ్తుంది. ప్రత్యేక వివాహ చట్టం కిందికి వస్తే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. పిల్లలుండగా అందులో పెదనాన్నలూ బాబాయిలూ వాటాకు రారు.

ఇలాంటి వార్త రాగానే ఇస్లాం ఆడవాళ్లకు అన్నీ ఇచ్చిందని ఒకరు, ఏమీ ఇవ్వలేదని ఒకరు మొదలుపెడతారు. బాబాయి వాటా గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. దాని మూలం దొరకాలంటే పద్నాలుగు వందల ఏళ్ల కిందటి మదీనాకు, ఒక యుద్ధ వితంతువు ఫిర్యాదు దగ్గరికి వెళ్లాలి.

ఆమె భర్త సఅద్ బిన్ రబీ, మదీనాలో ఖజ్రజ్ తెగవారు, కలిగినవారు. 622లో మక్కా నుంచి వలస వచ్చినవారికీ స్థానికులైన అన్సార్లకూ ప్రవక్త ముహమ్మద్ అన్నదమ్ముల వరస కలిపారు. మొదట్లో ఒకరు పోతే ఇంకొకరికి ఆస్తి దక్కేంత గట్టి వరస అది. సఅద్‌కు తమ్ముడిగా వచ్చింది అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్. నా ఆస్తిలో సగం నీది, ఇద్దరు భార్యల్లో నీకు నచ్చినామెకు తలాక్ ఇస్తాను, గడువు తీరాక చేసుకో అన్నారట సఅద్. (ఆ భార్యలను ఎవరైనా అడిగారా అన్నది హదీసులో, అంటే ప్రవక్త కాలపు మాటలనూ సంగతులనూ చెప్పే కథనంలో, లేదు.) అబ్దుర్రహ్మాన్ మాత్రం నీ ఇల్లూ సొమ్మూ చల్లగా ఉండనీ, బజారు ఎటో చూపిస్తే చాలని, వెళ్లి నెయ్యీ ఎండబెట్టిన పెరుగు గడ్డలూ అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత రక్తసంబంధీకులకే హక్కు ఎక్కువన్న ఆయత్, అంటే ఖురాన్ వాక్యం, రావడంతో ఈ కలుపుకున్న వరసతో వచ్చే వారసత్వం ఆగిపోయింది.

625లో ఉహుద్ కొండ దగ్గర జరిగిన యుద్ధంలో ముస్లిముల వైపు సుమారు డెబ్బై మంది పోయారు. ఎక్కువమంది అన్సార్లే, వాళ్లలో సఅద్ ఒకరు. అంత చిన్న ఊళ్లో ఒక్కరోజులో అన్ని ఇళ్లకు మగదిక్కు పోతే ఏమవుతుంది? వితంతువులు, అనాథ పిల్లలు, వాళ్ల సొమ్ము మీద కన్నేసే దాయాదులు. ఖురాన్‌లో స్త్రీల పేరుతోనే ఉన్న నాలుగో సూరా (అధ్యాయం), అన్నిసా, అనాథల ఆస్తిని తినేయొద్దన్న హెచ్చరికతో మొదలవడానికి చాలామంది వ్యాఖ్యాతలు చెప్పే నేపథ్యం ఇదే.

సఅద్ భార్య తన ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని ప్రవక్త దగ్గరికి వచ్చింది. వీళ్లు సఅద్ పిల్లలు, వాళ్ల నాన్న మీతో కలిసి ఉహుద్‌లో ప్రాణం ఇచ్చాడు, వీళ్ల బాబాయి ఉన్నదంతా తీసేసుకున్నాడు, ఆస్తి లేని పిల్లలకు పెళ్లి ఎలా అవుతుంది అని అడిగింది. దేవుడే దీనికి తీర్పు చెబుతాడని ప్రవక్త ఆమెను పంపించారు. వారసత్వపు ఆయత్ వచ్చాక ఆ బాబాయినే పిలిపించి, సఅద్ కూతుళ్లకు మూడింట రెండు వంతులు, వాళ్ల తల్లికి ఎనిమిదో వంతు ఇవ్వు, మిగిలింది నీది అన్నారు. లెక్క వేస్తే ఆస్తిని 24 భాగాలు చేసినప్పుడు కూతుళ్లకు 16, తల్లికి 3, బాబాయికి 5. షుక్కూర్ ఇంట్లో పేచీ ఈ అయిదు భాగాల దగ్గరే.

ఈ ఉదంతం చెప్పినది జాబిర్ బిన్ అబ్దుల్లా. ఆయన తండ్రి కూడా ఉహుద్‌లోనే పోయారు. వెనక బోలెడుమంది చెల్లెళ్లు. వాళ్లకు తలదువ్వి సాకేవాళ్లు కావాలని కన్నెపిల్లను కాక ఇదివరకే పెళ్లయి అనుభవమున్న ఆమెను చేసుకున్నానని జాబిర్ ఒకచోట చెప్పారు. ఆయత్‌లో ఉన్నది "ఇద్దరికి మించి" కూతుళ్లకు మూడింట రెండు వంతులని. సరిగ్గా ఇద్దరే ఉంటే ఎంత అన్న సందేహానికి న్యాయపండితులు ఎక్కువగా ఈ కేసునే ఆధారం చేసుకున్నారు.

బాబాయి చేసింది అప్పటి లెక్కలో దొంగతనం కాదు. ఆ తెగల ఆచారంలో గుర్రమెక్కి కత్తి పట్టి తెగను కాచేవాడిదే వారసత్వం. ఆడపిల్లా చిన్నపిల్లాడూ లెక్కలో లేరు. అలాగని ఇస్లాంకు ముందు ఆడవాళ్ల చేతిలో ఏమీ ఉండేది కాదనడం కూడా అతిశయోక్తే. ప్రవక్త మొదటి భార్య ఖదీజా సొంత పెట్టుబడితో మక్కా నుంచి వర్తక బిడారాలు పంపిన మనిషి. అది కొందరికి దక్కిన పరిస్థితి, అందరి హక్కు కాదు. చనిపోయినవాడి భార్యను కూడా సొమ్ములాగే వారసుడు తన కింద పెట్టుకునే ఆచారం కొన్నిచోట్ల ఉండేది. అన్నిసా సూరా 19వ ఆయత్ నిషేధించింది దాన్నే.

కొత్త నియమం పాత తెగ వ్యవస్థను కూలగొట్టలేదు. దాని ముందు వరసలో కూతురిని, భార్యను, తల్లిని, అక్కచెల్లెళ్లను నిలబెట్టింది. వాళ్ల వాటాలు తీశాక మిగిలింది అసబాకు, అంటే తండ్రి వైపు దగ్గరి మగ బంధువుకు పోతుంది. తెగలో ఎవరైనా హత్య చేస్తే రక్తపరిహారం కట్టాల్సింది వీళ్లే, అనాథ పిల్లలను సాకాల్సింది వీళ్లే. ఆ బరువుకు బదులుగా ఈ మిగులు అనుకుంటే లెక్క అర్థమవుతుంది. ఇవాళ కాసరగోడ్‌లోనో కర్నూలులోనో ఆ బరువు మోసే బాబాయిలు ఎందరున్నారో పాఠకులే చెప్పాలి.

అప్పట్లోనే నోరు విప్పినవాళ్లు లేకపోలేదు. మగవాళ్లు యుద్ధానికి వెళ్తారు, మేం వెళ్లం, మాకేమో వారసత్వంలో వాళ్ల వాటాలో సగమేనా అని ప్రవక్త భార్య ఉమ్మె సలమా అడిగినట్టు హదీసు ఉంది.

మరి అంతా కూతుళ్లకే రాసేస్తే పోదా? ఆ ప్రశ్నను తలకిందులుగా అడిగినవారు ఇంకో సఅద్, సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్. 632లో ప్రవక్త చివరి హజ్ సమయంలో మక్కాలో జబ్బుపడి, నాకు ఒక్క కూతురే, మూడింట రెండు వంతులు దానం రాసేయనా అన్నారు. ప్రవక్త వద్దన్నారు. సగం? వద్దు. మూడో వంతు? అదీ ఎక్కువే, వారసులను పదిమంది ముందు చేయి చాపేలా వదలడం కంటే కలిగినవాళ్లుగా వదలడం మేలన్నారు. వీలునామాకు మూడో వంతు హద్దు అక్కడి నుంచి వచ్చింది. కూతురిని కాపాడటానికి చెప్పిన మాట అది. వారసురాలికి వీలునామా రాయకూడదన్న ఇంకో హదీసు దానికి తోడైంది. ఈ రెండూ కలిసి ఇప్పుడు కూతురికి అదనంగా ఇద్దామనుకునే తండ్రి చేతులు కట్టేస్తున్నాయి.

షియాల దారి వేరు. అదే 632లో ప్రవక్త మరణించాక, ఖైబర్ దగ్గరి ఫదక్ భూమి తనదని ఆయన కూతురు ఫాతిమా మొదటి ఖలీఫా అబూబకర్‌ను అడిగారు. ప్రవక్తలకు వారసులుండరు, వాళ్లు వదిలింది దానమే అన్నది అబూబకర్ జవాబు. సుమారు ఆరు నెలలకే ఫాతిమా కన్నుమూశారు. ఆ భూమి తర్వాత తరాల్లో ఖలీఫా ఇష్టాన్నిబట్టి ఆమె వంశానికి వెళ్తూ, వెనక్కి వస్తూ ఉంది. వంశమే కూతురి ద్వారా సాగిన సంప్రదాయం కాబట్టి షియా న్యాయంలో కూతురుంటే బాబాయికి చోటు లేదు. ఒక్క కూతురే అయినా మిగులంతా ఆమెకే. అంటే ఖురాన్ ఒకటే అయినా బాబాయి వాటా మీద రెండు తీర్పులు ఉన్నాయి. సున్నీలు ఎక్కువగా ఉన్న ట్యునీషియా కూడా 1959లో చట్టం సవరించి, కూతుళ్లుంటే బాబాయిలకు మిగులు పోకుండా చేసింది.

మన దగ్గర 1937 షరియత్ చట్టం ఆచారాలను పక్కకు నెట్టి ముస్లిం ఆడవాళ్లకు ఈ వాటాలు తెచ్చింది, సాగుభూమిని మాత్రం వదిలేసింది. కోస్తా, రాయలసీమలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి భూమిని కూడా చేర్చింది. వేరే పెళ్లి రిజిస్ట్రేషన్ దాకా వెళ్లనివాళ్లకు దారి హిబా, అంటే బతికుండగానే ఇచ్చేయడం. ఇస్తున్నానని చెప్పాలి, తీసుకున్నవాళ్లు ఒప్పుకోవాలి, ఆస్తి నిజంగా చేతులు మారాలి. ఈ మూడూ ఉంటే నోటిమాట చాలు, తర్వాత రాసుకున్న కాగితం రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుందని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో హిబా పొందింది మాత్రం కూతురు కాదు, ఒక కొడుకు.