నిమ్మకాయ తొడిగినా తగ్గని వేలు

మా గోదావరి డెల్టాలో వేలు వాస్తే కారణం వెతుక్కోవాల్సిన పనుండదు. రొయ్య ముల్లు గుచ్చుకుని ఉంటుంది, కొబ్బరికాయ వలుస్తుంటే దెబ్బ తగిలి ఉంటుంది, లేదంటే ఊడ్పుల్లో వారం రోజులు చెయ్యి బురదలో నాని ఉంటుంది. గోరుచుట్టు అనుకుని నిమ్మకాయకు బెజ్జం పెట్టి వేలికి తొడుగుతారు. చిన్నప్పుడు మా అమ్మ నాకూ తొడిగింది, చల్లగా హాయిగా ఉండేది. అప్పటికీ తగ్గకపోతే ఆర్ఎంపీ డాక్టరు గారి దగ్గర యాంటీబయాటిక్. దాదాపు ఎప్పుడూ అది ఇన్ఫెక్షనే, తగ్గిపోతుంది కూడా.

ఎప్పుడో ఒకసారి మాత్రం ఎముకలో పుట్టిన కాన్సర్ అచ్చం చీము పట్టిన వేలులాగే ఉంటుంది. అందులో బాగా మోసం చేసేది యూయింగ్ సార్కోమా. అమెరికా పాథాలజిస్టు జేమ్స్ యూయింగ్ 1921లో దీన్ని వివరించాడు. ఎక్కువగా పిల్లలకు, టీనేజి వాళ్లకు వస్తుంది. చేతి ఎముకల్లో రావడం చాలా అరుదు. గడ్డ వేగంగా పెరిగేసరికి మధ్యలో కొంత భాగానికి రక్తం చాలక చచ్చిపోతుంది. దాంతో వేలు ఎర్రబడి కాలుతుంది, జ్వరం వస్తుంది, రక్తపరీక్షలో ఒంట్లో వాపును సూచించే ఈఎస్ఆర్ పెరుగుతుంది. కోస్తే చీములాంటి ద్రవమే వస్తుంది. ఇక అనుమానం ఎవరికి వస్తుంది?

పెద్దవాళ్లలో కథ వేరు. ఊపిరితిత్తుల కాన్సర్ ఒక్కోసారి వేలి కొస ఎముకకు పాకుతుంది. లంక పొగాకు చుట్టలు ఏళ్ల తరబడి కాల్చిన తాతకు గోరుచుట్టు నెలయినా మానకపోతే, వేలితోపాటు ఛాతీకీ ఎక్స్‌రే తీయించాలి.

వేలికి తీసిన ఎక్స్‌రే బాగుందని ధీమా పడడానికి లేదు. ఎముకకు ఇన్ఫెక్షన్ పట్టినా మొదటి పది, పద్నాలుగు రోజులు ఫిల్ములో ఏమీ కనపడకపోవచ్చు. రెండు, మూడు వారాలు మందులు వాడినా వాపు తగ్గకపోతే, రాత్రిళ్లు నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే, మళ్లీ తీయించాలి. అవసరమైతే ఎంఆర్ఐ.

నాకు బాధ కలిగించేది ఆ తర్వాతి సంగతి. వేలు కోసి చీము తీస్తారు, దాన్ని సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్‌కు మాత్రమే పంపుతారు. ‘సూక్ష్మజీవులు పెరగలేదు’ అని రిపోర్టు వస్తే యాంటీబయాటిక్ మారుస్తారు. ఆ కోతలోనే చిన్న ముక్క బయాప్సీకి, అంటే మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకు పంపితే కాన్సరైతే తెలిసేది, పిల్లల వేలి ఎముకలకు పట్టే టీబీ అయినా తెలిసేది. యూయింగ్ సార్కోమాను వేరే చోటికి పాకకముందే పట్టుకుంటే, కీమోథెరపీతో, ఆపరేషన్‌తో ఎక్కువమంది బతుకుతున్నారు.

కాన్సర్ అనుమానం ముందే ఉంటే ఆ ముక్కను ఎక్కడ పడితే అక్కడ కోసి తీయకూడదు. కత్తి వెళ్లిన దారంతా కాన్సర్ కణాలు అంటుకోవచ్చు. తర్వాత ఆపరేషన్‌లో ఆ దారిని కూడా తీసెయ్యాలి. అందుకే బయాప్సీ కూడా, ఆ ఆపరేషన్ చేయబోయే సర్జనే చెయ్యాలి.