జావాస్క్రిప్ట్‌లో కాన్‌స్ట్ ఎర్రర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కాన్‌స్ట్‌తో (మళ్లీ వేరే విలువ ఇవ్వలేని పేరును ప్రకటించే కీవర్డ్) ప్రకటించిన పేరుకు కొత్త విలువ ఇవ్వబోతే సింటాక్స్ ఎర్రర్ (కోడ్ రాసే నియమాల్లో తప్పు) వస్తుంది.

వాస్తవం: వచ్చేది టైప్ ఎర్రర్. అదీ ప్రోగ్రామ్ నడుస్తూ ఆ లైను దాకా వచ్చాకే. పై లైన్లన్నీ అప్పటికే పని చేసేసి ఉంటాయి. సింటాక్స్ ఎర్రర్‌ను మాత్రం ఇంజిన్ (జావాస్క్రిప్ట్‌ను చదివి నడిపే ప్రోగ్రామ్) కోడ్ నడపకముందే, ఫైలంతా చదివేటప్పుడే పట్టేస్తుంది. అందుకే ఫైలు మొదట్లో పెట్టిన కన్సోల్ లాగ్ కూడా ప్రింట్ కాదు. డీబగ్గింగ్‌లో నేను ముందు చూసేది ఇదే.

అపోహ: "మిస్సింగ్ ఇనిషియలైజర్" అంటే విలువ ఇవ్వడం మర్చిపోయామనే.

వాస్తవం: చాలాసార్లు అంతే. కాన్‌స్ట్‌కు ప్రకటించిన చోటే విలువ ఇవ్వాలి, లెట్‌లా (విలువ తర్వాత ఇచ్చి, మార్చుకోగల పేరును ప్రకటించే కీవర్డ్) తర్వాత ఇస్తానంటే కుదరదు. కానీ విలువ ఇచ్చినా ఇదే మెసేజ్ వచ్చే సందర్భాలున్నాయి, జనం తల పట్టుకునేది అక్కడే. పేరు మధ్యలో హైఫన్ పెట్టారనుకోండి. క్రోమ్, నోడ్‌లలో ఉండే వీ8 ఇంజిన్ హైఫన్ ముందున్న ముక్కనే పేరుగా తీసుకుని, ఆ వెంటనే ఈక్వల్స్ గుర్తు కోసం చూస్తుంది. దొరికింది హైఫన్, కాబట్టి విలువ లేదని ఫిర్యాదు. టైప్‌స్క్రిప్ట్ (పేరు పక్కన కోలన్ పెట్టి టైపు రాసే, జావాస్క్రిప్ట్‌కు విస్తరణ అయిన భాష) కోడ్‌ను జావాస్క్రిప్ట్ ఫైల్లో అతికించినా అంతే, పేరు పక్కన కోలన్ దగ్గర ఆగిపోతుంది. మెసేజ్ చెప్పేది ఇంజిన్ ఎక్కడ ఇరుక్కుందో; మనం చేసిన తప్పేంటో దానికి తెలియదు.

ఫర్ ఆఫ్ లూప్‌లో మాత్రం ఈక్వల్స్ లేకుండానే కాన్‌స్ట్ రాయొచ్చు. ప్రతి చుట్టుకూ విలువ లూపే ఇస్తుంది.

అపోహ: స్విచ్‌లో ఒక్కో కేస్ ఒక్కో బ్లాక్ (మీసాల బ్రాకెట్ల మధ్య కోడ్), ఒకే పేరు మళ్లీ వాడుకోవచ్చు.

వాస్తవం: స్విచ్ మొత్తం ఒకటే బ్లాక్. రెండు కేస్‌లలో ఒకే పేరుతో కాన్‌స్ట్ రాస్తే "ఆల్రెడీ డిక్లేర్డ్" అంటుంది. ఒక్కో కేస్‌కు విడిగా మీసాల బ్రాకెట్లు పెడితే సరి. ఇఫ్ తర్వాత బ్రాకెట్లు లేకుండా నేరుగా కాన్‌స్ట్ రాయడమూ తప్పే.

అపోహ: అదే పేరును రెండో చోట వార్‌తో (పేరు ప్రకటించే పాత కీవర్డ్) రాస్తే గొడవ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. బయట కాన్‌స్ట్ ఉండగా లోపలి బ్లాక్‌లో అదే పేరుతో వార్ రాసినా సింటాక్స్ ఎర్రరే. వార్ బ్లాక్ గోడలు దాటి ఫంక్షన్ స్థాయికి వచ్చేస్తుంది మరి. అక్కడ లెట్ గానీ, ఇంకో కాన్‌స్ట్ గానీ రాస్తే ఏ ఇబ్బందీ లేదు.

అపోహ: ఫైళ్లు వేరైతే పేర్లు తగులుకోవు.

వాస్తవం: మాడ్యూళ్ల (ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్‌లతో పంచుకునే ఫైళ్ల) విషయంలో నిజం. మామూలు స్క్రిప్ట్ ట్యాగులతో ఒకే పేజీలోకి తెచ్చిన ఫైళ్లకు గ్లోబల్ స్కోప్ (పేర్లు కనిపించే అన్నిటికంటే బయటి పరిధి) ఒకటే. రెండో ఫైలు పైస్థాయిలో అదే పేరుతో కాన్‌స్ట్ ఉంటే, ఆ ఫైలు మొత్తం నడవదు.