సీసాలో దొరకని సీసం

కెడిఎం నగ అంటుంటాం కదా, ఆ కెడిఎం కాడ్మియమే. బంగారాన్ని అతికించే టంకంలో దాన్ని కలిపేవాళ్లు, టంకం తక్కువ వేడికే కరుగుతుందని. బంగారం కరగాలంటే 1064 డిగ్రీల సెల్సియస్ కావాలి, కాడ్మియం మాత్రం 767 దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. ఆ పొగంతా అతికించేవాడి ముక్కులోకే. ముప్పు నగ పెట్టుకున్నవాళ్లకంటే చేసినవాళ్లకే ఎక్కువ, ముఖ్యంగా వాళ్ల కిడ్నీలకు.

పనివాళ్ల ఒంట్లోకి ఇలా ఎంత లోహం చేరిందో మూత్ర పరీక్షతో చూస్తారు. గదిలో గాలిని కొలిస్తే సరిపోదా అంటే సరిపోదు, ఒకే గదిలో ఒకడు మాస్కు పెట్టుకుంటాడు, ఇంకొకడు చేతులు కడగకుండానే టిఫిన్ బాక్సు విప్పుతాడు. గాలి ఒకటే, ఒంట్లో చేరేది వేరు.

కానీ రిపోర్టులో అంకె ఏ రోజుల సంగతి చెబుతోందో తెలియకపోతే దాన్ని చదవలేం. ఆర్సెనిక్ చాలావరకు కొద్ది రోజుల్లోనే బయటికి పోతుంది, కాబట్టి ఆ అంకె ఈ వారం పనిది. (ముందురోజు రొయ్యల ఇగురు తిని వెళ్తే మొత్తం ఆర్సెనిక్ అమాంతం పెరిగి కనిపిస్తుంది. రొయ్యల్లో ఉండే రకం దాదాపు హాని చేయదు, కానీ రకాలను విడదీయని పరీక్షకు ఆ సంగతి తెలియదు!) పాదరసం ఆవిరి పీల్చినవాళ్లలో అది సగానికి తగ్గడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కాడ్మియం అయితే కిడ్నీల్లో తిష్ఠ వేస్తుంది, సగం పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు. పని మానేసి చాలా ఏళ్లయినా మూత్రంలో కనిపిస్తూనే ఉంటుంది. అలాగని కొత్తగా చేరినవాడి రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండకూడదు, మొదట్లో కాడ్మియం రక్తంలోనే పెరుగుతుంది, మూత్రంలోకి ఆలస్యంగా వస్తుంది.

ఇంకో తిరకాసు నీళ్లు. కొలిమి దగ్గర చెమటోడ్చినవాడి మూత్రం చిక్కగా, బాగా నీళ్లు తాగినవాడిది పలచగా ఉంటుంది. అందుకే కండరాల నుంచి దాదాపు నిలకడగా వచ్చే క్రియాటినిన్‌తో పోల్చి, ఒక గ్రాము క్రియాటినిన్‌కు ఎన్ని మైక్రోగ్రాముల లోహం అని లెక్క కడతారు. అమెరికాలో కాడ్మియం ఈ లెక్కన 3 దాటితే, యజమాని రెండు వారాల్లోపు పని పద్ధతులు, మాస్కులు, గాలి బయటికి లాగే ఏర్పాట్లు, చివరికి ఆ మనిషి సిగరెట్ అలవాటుతో సహా అన్నీ మళ్లీ చూడాలి (పొగాకులోనూ కాడ్మియం ఉంటుంది మరి). నాకు నచ్చింది ఇదే, మనిషికి మందు రాసిచ్చి సరిపెట్టకుండా పనిచేసే చోటును కూడా నిలదీస్తారు.

శాంపిల్ ఇచ్చేముందు పని బట్టలు మార్చుకోవాలి, చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. చొక్కా మీది దుమ్ము సీసాలో రాలితే ఒంట్లో లేని లోహం కూడా రిపోర్టులోకి ఎక్కుతుంది.

ఇక సీసం. రక్తంలో అది ఎక్కువగా ఎర్ర కణాలను పట్టుకుని ఉంటుంది, ఒంట్లో నిల్వ ఉండేది ఎక్కువగా ఎముకల్లో. మూత్రంలోకి వచ్చేది తక్కువ, అదీ నమ్మదగ్గ లెక్క కాదు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోట పనిచేసేవాళ్ల చేతికి ఎవరైనా మూత్రం సీసా ఇస్తే, రక్త పరీక్ష ఎప్పుడు చేస్తారని అక్కడే అడగాలి.