నీళ్లలో గేదె, గట్టున బేరం

2011 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో పనిచేసే ఒక పరిశోధకుడికి ఓ పాత పుస్తకం కావలసి వచ్చింది. ఈగ పిండం ఎలా ఎదుగుతుందో వివరిస్తూ పీటర్ లారెన్స్ రాసిన 'ద మేకింగ్ ఆఫ్ ఎ ఫ్లై' అది. 1992లో వచ్చింది, అప్పటికి అచ్చులో లేదు. అమెజాన్‌లో వెతికితే పాత కాపీలు 15 కనిపించాయి, 35 డాలర్ల నుంచి. కొత్తవి రెండే ఉన్నాయి. వాటిలో చవకది 17,30,045.91 డాలర్లు. పోస్టేజికి మరో 3.99 డాలర్లు.

ఆ ల్యాబ్ నడిపే మైఖేల్ ఐసెన్ నవ్వి వదిలేయకుండా రోజూ ధరలు రాసుకుంటూ పోయాడు. గుట్టు తెలిసింది. కొత్త కాపీలు పెట్టిన ఇద్దరిలో మొదటి సెల్లర్ కంప్యూటర్ ప్రోగ్రాం రోజూ తన ధరని రెండోవాడి ధరకి 0.9983 రెట్లుగా పెడుతోంది. అంటే అవతలివాడికన్నా కాస్త తక్కువ. రెండోవాడి ప్రోగ్రాం మొదటివాడి ధరకి 1.270589 రెట్లు పెడుతోంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు ఎక్కుతూ ఏప్రిల్ 18 నాటికి 2,36,98,655.93 డాలర్లకు చేరారు. మర్నాడు ఎవరో మనిషి చూసుకున్నట్టుంది, ధర 106.23 డాలర్లకు పడిపోయింది.

కోట్ల డాలర్ల ఈగ అని అప్పట్లో అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ రెండో సెల్లర్ మీదే ఆసక్తి. అదే పుస్తకం పక్కవాడి దగ్గర తక్కువకి దొరుకుతుంటే, కావాలని 27 శాతం ఎక్కువ పెట్టి ఎవరు కూర్చుంటారు? ఐసెన్ ఊహ ఇదీ: అతని దగ్గర ఆ పుస్తకం లేదు. మంచి రేటింగ్ చూసి ఎవరైనా ఆర్డర్ పెడితే మొదటివాడి దగ్గర కొని పంపిస్తాడు. ఆ 27 శాతంలోనే ఖర్చూ లాభమూ. నీళ్లలో గేదెను చూపించి గట్టున బేరమాడతారని మనవాళ్లు అంటారు కదా. ఇక్కడ ఆ గేదె కూడా పక్కింటివాడిదే.

ఈ పద్ధతి కోఠీలో పాత పుస్తకాలు కొన్నవాళ్లకు కొత్తేమీ కాదు. అడిగిన పుస్తకం కొట్లో లేకపోతే ఆయన లేదనడు. "రెండు నిమిషాలు కూర్చోండి సార్" అని కుర్రాణ్ణి పక్క కొట్టుకి పరిగెత్తిస్తాడు. మందుల షాపులో "సాయంత్రానికి తెప్పిస్తా" అంటారు. బొగ్గు, కలప లాంటి బరువు సరుకుల్లో ఆర్డర్ తాను తీసుకుని, గని నుంచో మిల్లు నుంచో నేరుగా కొన్నవాడికి పంపించే హోల్‌సేల్ వ్యాపారులు అమెరికాలో ఇంటర్నెట్‌కి చాలా ముందు నుంచే ఉన్నారు. డ్రాప్ షిప్పింగ్ అన్న మాట అక్కడిదే. చేతిలో లేని సరుకు అమ్మడం తప్పని నేననను. సరుకు లేదన్న సంగతి కొనేవాడికి తెలుసా, తెప్పించలేకపోతే నష్టం ఎవరిది? నా లెక్కలో చూడాల్సినవి ఈ రెండే. కోఠీలో కుర్రాడు ఖాళీ చేతులతో తిరిగొచ్చినా మన డబ్బు మన జేబులోనే ఉంటుంది.

పోస్టులో తెప్పించుకునే రోజుల్లోనూ మన దేశంలో ఆ రక్షణ ఉండేది. 1877లో వచ్చిన వి.పి.పి. పద్ధతిలో పోస్ట్‌మాన్ పార్శిల్ తెచ్చాకే డబ్బు కట్టేవాళ్లం. లోపల ఏముందన్నది వేరే సంగతి, కనీసం పార్శిల్ అంటూ ఇంటికొచ్చేది. అమెరికాలో ఎక్కువగా చెక్కు ముందే పంపేవాళ్లు కాబట్టి ఫిర్యాదులు పేరుకుపోయాయి. 1975లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన తెచ్చింది: చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, సరుకు పంపాలి. పంపలేకపోతే ఆలస్యానికి కొన్నవాడి ఒప్పుకోలు అడగాలి, లేదా డబ్బు వాపసివ్వాలి. 1999 క్రిస్మస్‌కి బొమ్మలూ సీడీలూ సమయానికి అందించలేకపోయిన ఏడు ఆన్‌లైన్ కంపెనీలు ఆ నిబంధన కిందే మరుసటి ఏడాది 15 లక్షల డాలర్ల జరిమానా కట్టాయి.

అమెజాన్ పుట్టిందే చేతిలో లేని సరుకుతో. 1995 జులైలో సియాటిల్‌లో తెరిచినప్పుడు పది లక్షల పుస్తకాలన్నారు గానీ గోడౌన్‌లో ఉన్నవి బహు కొద్ది. ఆర్డర్ వచ్చాక ఇంగ్రాం లాంటి హోల్‌సేలర్ల దగ్గర తెప్పించేవాళ్లు. హోల్‌సేలర్లు ఒకేసారి పది పుస్తకాలకు తగ్గితే ఇచ్చేవాళ్లు కాదు. జెఫ్ బెజోస్ తరవాత చాలా చోట్ల చెప్పుకున్న కిటుకు ఏమిటంటే, కావలసిన ఒక్కదానితో పాటు, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్ల గురించి ఎవరూ చదవని ఓ పుస్తకం తొమ్మిది కాపీలు ఆర్డర్ రాసేవాళ్లు. హోల్‌సేలర్ లిస్టులో ఉంటుంది, గోడౌన్‌లో ఉండదు. ఒక పుస్తకం, తొమ్మిది క్షమాపణలు వచ్చేవి. లేని పుస్తకాన్ని లిస్టులో పెట్టిన హోల్‌సేలర్‌ని, లేని పుస్తకాలు అమ్మే దుకాణం అలా వాడుకుంది. 1997 మేలో అమెరికాలో పెద్ద పుస్తకాల షాపుల సంస్థ బార్న్స్ అండ్ నోబుల్ అమెజాన్ మీద కోర్టుకెక్కింది. భూమ్మీద అతిపెద్ద పుస్తకాల షాపు అని చెప్పుకుంటున్నది అసలు షాపే కాదు, దళారీ అన్నది వాళ్ల వాదన. ఆ అక్టోబరులో రాజీ అయింది. అమెజాన్ పక్షాన ఒక మాట చెప్పాలి. ఈ పుస్తకం 24 గంటల్లో వెళ్తుంది, ఇది నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఇది దొరక్కపోనూ వచ్చు అని సైట్‌లో రాసేది.

2000 నవంబరులో అమెజాన్ తన పుస్తకం పేజీలోనే బయటి సెల్లర్లకూ చోటిచ్చింది. అసలు మార్పు అక్కడే వచ్చిందని నా అభిప్రాయం. అంతకు ముందు పాత పుస్తకం అమ్మాలంటే ఎవరో దాన్ని చేతిలోకి తీసుకుని అట్ట చిరిగిందా, లోపల ఎవరి సంతకం ఉందో చూసి రాయాలి. ఇప్పుడు పుస్తకం మీద అచ్చేసి ఉండే ఐ.ఎస్.బి.ఎన్. గుర్తింపు నంబరు, ధర ఇస్తే చాలు, పేరూ బొమ్మా తయారుగా ఉంటాయి. పుస్తకం ముట్టుకోకుండానే లక్ష పుస్తకాలు లిస్ట్ చేయొచ్చు. ఇలా ఇతరుల లిస్టింగులు ఎత్తి పై ధరకి పెట్టేవాళ్లని ఆ వ్యాపారంలో 'బుక్‌జాకర్లు' అంటారు. ఉన్నది ఒక్క కాపీ, దానికి నీడలు పది. అసలుది అమ్ముడైపోయినా నీడలు కొన్నాళ్లు అలాగే వేలాడతాయి. అప్పుడు ఆర్డర్ పెట్టినవాడికి కొద్ది రోజులకి "సారీ" మెసేజ్ వస్తుంది. (నాకూ ఒకసారి వచ్చింది. ఒక సైట్‌లో పాత తెలుగు నిఘంటువు, మూడు వారాల ఎదురుచూపు. డబ్బు వాపసు వచ్చింది, కానీ ఈలోగా అబిడ్స్ ఆదివారం బజారులో కనిపించిన కాపీ ఒకటి వదిలేసుకున్నాను.)

ఈ నీడ సమస్య నిజాయితీపరులకూ తప్పలేదు. 1999లో నిక్ స్విన్‌మర్న్ జాపోస్ అనే ఆన్‌లైన్ చెప్పుల షాపు మొదలుపెట్టినప్పుడు చెప్పుల షాపుల్లో ఫొటోలు తీసి సైట్‌లో పెట్టి, ఆర్డర్ వచ్చాక వెళ్లి కొని పంపేవాడు. తరవాత తయారీదార్లే నేరుగా పంపే ఏర్పాటు చేసుకున్నారు. కానీ ఫలానా సైజు ఉందో లేదో వాళ్ల లెక్కలు ఎప్పుడూ ఒక రోజు వెనకే. 2003లో, అమ్మకాల్లో పావు వంతు అలా వస్తున్నా, ఆ పద్ధతి మానేసి మొత్తం స్టాక్ తమ గోడౌన్‌లోనే పెట్టుకున్నారు.

మన దేశంలో కథ మహబూబ్‌నగర్ నుంచే మొదలవుతుంది. 2007లో బెంగళూరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ ఫ్లిప్‌కార్ట్ తెరిచాక మొదటి ఆర్డర్ పెట్టింది అక్కడి పాఠకుడే. జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ద వరల్డ్' అడిగాడు. సైట్‌లో ఉంది, డిస్ట్రిబ్యూటర్ దగ్గర లేదు. ఇద్దరూ బెంగళూరు పుస్తకాల షాపులన్నీ తిరిగి ఒక కాపీ పట్టుకుని పంపారు. కోఠీ కుర్రాడి పనే అది. ఇవాళ ఆ స్థాయి కంపెనీలో లక్షల ఆర్డర్లకి అలా తిరిగేవాళ్లు ఉండరు. 2010లో వాళ్లు తెచ్చిన క్యాష్ ఆన్ డెలివరీ మళ్లీ వి.పి.పి. రోజుల ధీమా ఇచ్చింది.

తరవాత చట్టమే ఒక మలుపు తిప్పింది. 2016 మార్చిలో కేంద్రం ప్రెస్ నోట్ 3 ఇచ్చింది. విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ కంపెనీలు ఇతరుల అమ్మకాలకు చోటిచ్చే మార్కెట్‌ప్లేస్‌గా ఉండొచ్చు గానీ సొంత సరుకు అమ్మకూడదని అందులో ఉంది. చిన్న వ్యాపారుల రక్షణ కోసం తెచ్చిన నియమం అది. ఫలితంగా అరలో సరుకుందా అని అడిగితే "అది సెల్లర్‌ది, మాది కాదు" అన్న జవాబు చట్టబద్ధమైంది కూడా. సెల్లరేమో హోల్‌సేలర్ని చూపిస్తాడు. వాట్సాప్ గ్రూపుల్లో చీరలు అమ్మే అక్కల దగ్గరా చాలాసార్లు ఫొటోలే ఉంటాయి, చీర సూరత్‌లోనే ఉంటుంది. అయితే అక్కని అడగొచ్చు, పోట్లాడొచ్చు. "స్టాక్ అయిపోయింది వదినా, ఇంకో రంగు చూడు" అని ఆవిడ కూడా మొహమాటం లేకుండా చెబుతుంది.

2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల్లో పనికొచ్చే వాక్యం ఒకటుంది. కొన్నవాడు ఆర్డర్ రద్దు చేసినందుకు కంపెనీ రుసుము వసూలు చేయకూడదు, తనంతట తాను రద్దు చేసినప్పుడు అలాంటి రుసుమే తానూ భరిస్తే తప్ప. 2021 జూన్‌లో ఇంకో అడుగు వేయబోయారు. సెల్లర్ సరుకు ఇవ్వలేక వినియోగదారు నష్టపోతే ప్లాట్‌ఫాం బాధ్యత వహించాలని ముసాయిదాలో రాశారు. కంపెనీలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి, ఆ ఏడాది అది తుది రూపు దాల్చలేదు.

సైట్ల సొంత కట్టుబాట్లూ ఉన్నాయి. ఇంకో రిటైల్ షాపులో కొని నేరుగా పంపించడాన్ని ఈబే ఒప్పుకోదు. పంపకముందే సెల్లర్ రద్దు చేసే ఆర్డర్లు 2.5 శాతం లోపు ఉండాలని అమెజాన్ అంటుంది. అయితే కొన్నవాడు అడిగితే రద్దయినవి ఆ లెక్కలోకి రావు. సరుకు లేని సెల్లర్ నుంచి ఒక్కోసారి ఎంతో మర్యాదగా ఫోన్ వచ్చేది అందుకే: "సార్, మీ ఏరియాకి డెలివరీ ప్రాబ్లం ఉంది, కాస్త మీరే క్యాన్సిల్ కొట్టేస్తారా?"