చుక్కలు కలిసీ కలవని దూరం

ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సెరా బొమ్మల గురించి ఎక్కడ చదివినా ఒక మాట తగులుతుంది: పక్కపక్కన పెట్టిన రంగుచుక్కలు చూసేవాళ్ల కంట్లో కలిసిపోయి కొత్త రంగవుతాయని. నిజానికి అవి పూర్తిగా కలవవు. ఆయన పెద్ద నగ్నచిత్రం 'లే పోజూజ్' (అంటే మోడళ్లు, 1886–88) బతికేదే ఆ కలవకపోవడం మీద.

పారిస్‌లోని ఆయన స్టూడియోలో ముగ్గురు మోడళ్లు. ఒకామె మనకేసి నిలబడి ఉంది, ఒకామె వీపు తిప్పి కూర్చుంది, మూడో ఆమె ఆకుపచ్చ మేజోడు తొడుక్కుంటోంది. ఒంటి నీడల్లో నలుపు కోసం వెతక్కండి. నారింజ, గులాబి చుక్కల నడుమ నీలం, ఊదా చుక్కలే ఉంటాయి.

మామూలు చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం దాకా వివరాలను విడదీస్తుంది. ఆ లెక్కన 2 మిల్లీమీటర్ల చుక్క కనుమరుగవ్వాలంటే సుమారు 7 మీటర్లు వెనక్కి నడవాలి. గ్యాలరీలో అంత దూరం ఎవరు పోతారు? అయితే మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత చురుగ్గా రంగుల తేడాను పట్టలేదు. దగ్గరగా ఉన్నప్పుడే రంగులు కొంత కలుస్తాయి, చుక్కల గరుకుదనం మాత్రం మిగిలే ఉంటుంది. చర్మం సన్నగా అదిరినట్టు అనిపించేది అందుకే.

ఇంకో చిక్కుంది. ఇలా కలిసిన రంగుల వెలుగు కూడిక కాదు, సగటు. నారింజ, నీలం పూర్తిగా కలిస్తే బూడిదరంగుకు దిగుతాయి. సెరా చదువుకున్న, అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఆగ్డెన్ రూడ్ రంగుల పుస్తకం (1879) ఈ సంగతులే చెబుతుంది. విడిగా ఉన్నంతసేపు మాత్రం ఆ రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల పని చూసుకున్న రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దీన్ని 1839లోనే వివరించాడు: నల్లదారం వెలవెలబోతోందన్న ఫిర్యాదుకు కారణం అద్దకం కాదు, పక్కనున్న రంగు.

మరి ఈ బొమ్మలో కనిపించే ప్రశాంతత? 1890లో రాసిన ఉత్తరంలో సెరా దానికీ సూత్రం ఇచ్చాడు: వెలుగూ చీకటీ సమానం, వెచ్చని రంగులూ చల్లనివీ సమానం, అడ్డగీతలు. ఈ ముగ్గురిలో విలాసం గానీ సిగ్గు గానీ లేవు. పని మధ్య విరామం, అంతే.

సెరా స్నేహితుడు, తోటి చిత్రకారుడు సిన్యాక్‌కు మాత్రం ఇంత పెద్ద కాన్వాసుకు చుక్కలు మరీ చిన్నవనిపించింది, యాంత్రికంగా తోచింది. మోడళ్ల వెనక గోడ విషయంలో ఆయనతో ఏకీభవిస్తాను. ఒంటి విషయంలో కాదు.