పాత స్పోర్ట్స్ కారు ఇంట్లోనే చూసుకునేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, డాట్సన్ 240జెడ్ లాంటి పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేయడం నా వృత్తి. వర్క్‌షాప్‌కి వచ్చే బండిలో అసలు లోపం తరచూ చిన్నదే ఉంటుంది. వాళ్లూ వీళ్లూ చెప్పింది విని అప్పటికే మార్చేసిన పార్టులు, తిప్పేసిన స్క్రూల మధ్య అది ఎక్కడుందో దొరకదు. నిజానికి ఈ కార్లను ఇంట్లో చూసుకోవడం కష్టం కాదు. బానెట్ ఎత్తితే చాలా భాగాలు కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. ఒక ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చని బ్లేడ్ల సెట్టు), వోల్టులు కొలిచే ఒక మల్టీమీటర్, మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. ముందు కొలవండి, తర్వాతే మార్చండి.

అపోహ: ఇంజన్ మిస్సింగ్ ఇస్తోందంటే కార్బొరేటర్ ట్యూనింగ్ పోయినట్టే.

వాస్తవం: కార్బొరేటర్‌ని అన్నిటికన్నా ఆఖర్న ముట్టుకోవాలి. మొదట వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు), తర్వాత పాయింట్స్ గ్యాప్ (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు తెంచి స్పార్క్ పుట్టించే కాంటాక్టుల సందు), ఆ తర్వాత ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), చివరికి పెట్రోల్‌నీ గాలినీ కలిపే కార్బొరేటర్. ఈ వరస ఊరికే పెట్టింది కాదు. పాయింట్స్ గ్యాప్ మారితే టైమింగ్ కూడా జరుగుతుంది. టైమింగ్ సరిగా లేని ఇంజన్‌కి మిక్చర్ ఎంత సర్దినా ఐడిలింగ్ కుదురుకోదు.

ఎంజీబీ సంగతే చూడండి. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. ముందు నుంచి వరసగా ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు అనుకోండి. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సర్దాలి, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. రెండు నంబర్లూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ మామూలుదే ఉంటే గ్యాప్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ బ్లేడును లాగితే కాస్త పట్టినట్టుగా జారాలి. వదులుగా ఊగకూడదు, బలం పెట్టి గుంజాల్సి రాకూడదు. లాక్‌నట్ బిగించాక తప్పకుండా మళ్లీ కొలవండి, ఎందుకంటే ఆ బిగింపులోనే గ్యాప్ మారిపోతూ ఉంటుంది. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసేసి ఉంటే ఇంజన్ చేత్తో తిప్పడం చాలా తేలిక.

ఇక డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి, వేడెక్కాక మిస్సింగ్ మొదలవుతోందంటే పాయింట్స్‌తో కలిసి పనిచేసే కండెన్సర్ మీద అనుమానం పడాలి. పాయింట్స్ త్వరత్వరగా కాలిపోతున్నా అదే సూచన. కొత్తది వేశాక కూడా తేడా లేకపోతే పాతది తిరిగి వేసి చూడండి. ఈమధ్య దొరికే కొత్త కండెన్సర్లలో, రోటర్ ఆర్మ్‌లలో నాసిరకం చాలా వస్తున్నాయి. అందుకే పనిచేస్తున్న పాతవాటిని నేను పారేయనివ్వను.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కార్బొరేటర్. ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్ ఉన్న బండిలో యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ ఒక్క క్షణం తడబడి తర్వాత అందుకుంటుంటే, స్క్రూలు తిప్పకుండా ముందు డాష్‌పాట్‌లో (కార్బొరేటర్ పైనుండే గుండ్రటి గదిలో) ఆయిల్ ఉందో లేదో చూడండి. లోపలి పిస్టన్ ఒక్కసారిగా ఎగిరిపోకుండా ఆపేది ఆ ఆయిలే. అలా ఆపడం వల్లే పికప్ సమయంలో మిక్చర్ కాస్త చిక్కబడుతుంది. ఆయిల్ లేకపోతే తడబాటు తప్పదు. అది తెలియక చాలామంది మిక్చర్ స్క్రూ తిప్పి పెట్రోల్ పెంచేస్తారు, ప్లగ్గులు మసిబారిపోతాయి. మూతకున్న డాంపర్‌ని లోపలికి దించేటప్పుడు, మూత మరకు చేరడానికి కాస్త ముందే చేతికి ఆయిల్ అడ్డు తెలియాలి. డాంపర్ బయటికి తీసి పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే టక్‌మని కిందికి దిగాలి. మెల్లగా దిగినా, మధ్యలో ఆగినా లోపల శుభ్రం చేయాలి లేదా నీడిల్, జెట్ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

అపోహ: పాత బ్రిటిష్ కార్ల వైరింగ్ పుట్టుకతోనే చెడ్డది.

వాస్తవం: వాటికి ఎలక్ట్రికల్ పార్టులు చేసిన లూకాస్ కంపెనీ మీద ఉన్న జోకులన్నీ నేనూ విన్నాను. నేను చూసినంతలో మాత్రం లైట్లు మసకబారడం, ఇండికేటర్ వేస్తే వెనక లైట్లు మినుకుమనడం లాంటివన్నీ ఎక్కువగా ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే కనెక్షన్) సరిగా లేకే. అరవై ఏళ్లలో ఏ లోహమైనా చిలుం పడుతుంది. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, లైటు వెలుగుతుండగా ఒక కొనను బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి, రెండోదాన్ని బల్బు హోల్డర్ లోహానికి ఆనించండి. దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు దాటిందంటే లోపం అక్కడే ఉంది. ఆ చోటును గీకి, శుభ్రం చేసి బిగిస్తే చాలు, కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) అక్కర్లేదు. ఒక జాగ్రత్త: 1967 దాకా వచ్చిన ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొనను బాడీకి కలిపినవి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గానీ రేడియో గానీ పెట్టే ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి. తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి తయారైన ఏడాదిని నమ్మకుండా బ్యాటరీ దగ్గరే చూడండి.

అపోహ: వాడకపోయినా వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచాలి.

వాస్తవం: దీనివల్ల జరిగే చెరుపే ఎక్కువ. ఒక లీటరు పెట్రోల్ మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. పది నిమిషాల ఐడిలింగ్‌లో ఆయిల్, సైలెన్సర్ పూర్తిగా వేడెక్కవు. ఆ తడి కొంత ఆయిల్‌లోకి, కొంత సైలెన్సర్‌లోకి చేరి తుప్పు పట్టిస్తుంది. సెల్ఫ్ వాడిన చార్జింగ్ కూడా సరిగా తిరిగిరాదు. నెలకోసారైనా అరగంట రోడ్డు మీద నడపండి. కుదరకపోతే బ్యాటరీకి మెయింటెయినర్ తగిలించి బండిని అలాగే వదిలేయండి.

అపోహ: బ్రేకు పట్టేస్తోందంటే కాలిపర్ పోయినట్టే.

వాస్తవం: ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్‌ని కొనే ముందు ఐదు నిమిషాల పరీక్ష ఒకటి ఉంది. చక్రం ఎత్తి, బ్రేకు తొక్కి వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పండి. తిరగకపోతే కాలిపర్ మీద గాలి తీసే బ్లీడ్ నిపుల్ కొద్దిగా వదులు చేయండి. అప్పటికీ తిరగకపోతే లోపం కాలిపర్‌లోనే. తిరిగితే మాత్రం ప్రెజర్ లోపల ఇరుక్కుందన్నమాట. నిపుల్ బిగించి, మళ్లీ బ్రేకు తొక్కి వదిలి, ఈసారి రబ్బర్ హోస్‌కి పైన ఇనప పైపు కలిసే జాయింట్‌ని వదులు చేయండి. దాంతో చక్రం విడిపోతే మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి. విడిపోకపోతే హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయింది. బయటికి కొత్తదానిలా నిగనిగలాడే హోస్ కూడా ఇలా లోపల చెడిపోతుంది. ఏ జాయింట్ విప్పినా చివర్లో బ్రేకుల్లో గాలి పూర్తిగా తీయాల్సిందే.

బ్రేక్ ఫ్లూయిడ్ విషయంలోనూ ఇంతే పట్టింపు ఉండాలి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తడి పీల్చుకున్నాక ప్రమాణం 155 డిగ్రీలే. అందుకే బండి కదలకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 5.1, డాట్ 5 పేర్లు దగ్గరగా ఉన్నా, డాట్ 5 సిలికాన్. దాన్ని మిగతావాటితో కలపకూడదు.

అపోహ: సీసం లేని పెట్రోల్ పోయాలంటే వెంటనే హెడ్ మార్చేయాలి.

వాస్తవం: తొందర లేదు. వాల్వ్ క్లియరెన్స్ కొలిచిన ప్రతిసారీ రాసిపెట్టుకోండి. ఎగ్జాస్ట్ వాల్వుల గ్యాప్ పదేపదే తగ్గుతూ వస్తే వాల్వ్ కూర్చునే సీటు అరుగుతోందని అర్థం, అప్పుడు హెడ్ విప్పి గట్టి సీట్లు వేయించండి. ఈరోజు నాకు ఎక్కువ భయం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో. పాత రబ్బరు దానికి తట్టుకోదు. పెట్రోల్ హోస్‌ని తెల్లగుడ్డతో తుడిచి చూడండి. నల్లగా అంటినా, గుడ్డకు పెట్రోల్ వాసన వచ్చినా అదే రోజు ఇథనాల్‌కి తట్టుకునే హోస్ వేసేయండి. మంటలు మొదలయ్యేది ఇక్కడే.

అపోహ: ఎంత ఖరీదైన కొత్త రకం ఆయిల్ పోస్తే అంత మంచిది.

వాస్తవం: ఈ ఇంజన్లలో చాలావాటికి కామ్‌షాఫ్ట్ నేరుగా ట్యాపెట్ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఆ చోటును కాపాడేది ఆయిల్‌లోని జింక్, ఫాస్ఫరస్. కెటలిటిక్ కన్వర్టర్ల కోసం 5డబ్ల్యూ-30 లాంటి నేటి పల్చని ఆయిల్స్‌లో ఫాస్ఫరస్‌ని 0.08 శాతానికి పరిమితం చేశారు. మాన్యువల్ 20డబ్ల్యూ-50 అంటే అదే గ్రేడు, పాత ఇంజన్ల కోసం చేసినది పోయండి.

అపోహ: ఓవర్‌హీట్ అయితే థర్మోస్టాట్ పీకేస్తే సరి.

వాస్తవం: వద్దు. ఇంజన్ సరిగా వేడెక్కక అరుగుదల పెరుగుతుంది, అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది. రేడియేటర్‌లో పేరుకున్న మడ్డి, వెనకబడిన టైమింగ్, లోపలికి నొక్కుకుపోయే హోస్, వీటిని చూడండి.

అపోహ: ఒక నిమిషం పనే కదా, జాకీ ఒక్కటి చాలు.

వాస్తవం: జాకీ బండిని ఎత్తడానికే. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీదకి దించి, పక్కనుంచి గట్టిగా తోసి చూశాకే కిందికి దూరండి. ఎత్తేటప్పుడు జాకీ పెట్టిన చోట కరకరమని చప్పుడొస్తే, లేదా బండి లేచాక డోర్ గ్యాప్ మారితే వెంటనే దించేయండి. ఎంజీబీకి విడిగా చాసిస్ ఉండదు, డోర్ల కింద ఉండే సిల్స్ బరువు మోస్తాయి. అవి లోపల తుప్పు పట్టాయంటే బాడీకి సపోర్టులు వెల్డ్ చేసి, కొలతలు పట్టుకుని చేయాల్సిన పని అది. అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. పైన లప్పం పెట్టి రంగేసిన సిల్ మీద అయస్కాంతం నిలవదు, కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష చేసుకోండి.

పాత బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పాక దుమ్మును గాలితో ఊదకండి, బ్రష్‌తో దులపకండి. మాస్క్ పెట్టుకుని, నీళ్లతో తడిపి గుడ్డతో తుడవండి. ఆ గుడ్డను ఆరకముందే కవర్‌లో పెట్టి మూతి కట్టేయండి.